ఇత్తడి గ్లాసు, ఇనామిల్ కప్పు

ఇత్తడి గ్లాసులు అటక మీంచి దింపి చింతపండుతో తోమమని రామలు పొద్దున్నే చెప్పాడు. చెప్పి, గుమ్మం దాటబోతూ, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా ఇంకో మాట కూడా అన్నాడు.

"బోన్, సరేగానీ, నీ దగ్గర అక్షరాలు దిద్దే ఆ ఆడపిల్లల్ని సోమవారం నుంచి రావద్దను. వరండా నాకు కావాలి. మళ్ళీ ఎన్నికల్లో నిలబడుతున్నా."

పోలమ్మ తోముతూ కూర్చుంది. మేర్ అంటే పట్నానికి పెద్ద; మొగుడు మాజీ మేర్ అయి దగ్గరదగ్గర మూడేళ్ళు. మాజీ అన్న ముక్క ఊరందరికీ తెలుసు, ఒక్క ఆయనకు తప్ప. ఊరేగింపుల్లో భుజమ్మీంచి వేసుకున్న పట్టు పటకా ఇప్పటికీ మేకుకు వేలాడుతోంది. దానికి వారంవారం ఇస్త్రీ జరగాలి. చేసేదెవరో చెప్పక్కర్లేదు.

చెరుకుతోట కూలీ మనవడు పట్నానికి మేర్ అయ్యాడని తెలిసిన రోజు నుంచి దీవిలో అటు మోకా ఊరి నుంచీ, ఇటు కార్తియే మిలితేర్ నుంచీ జనం రైలెక్కి వచ్చేవారు. తెల్లారేసరికి వరండాలో బల్ల మీదా, బల్ల చుట్టూ ముప్ఫైమంది. ముప్ఫైమందికీ టీ పోలమ్మే కాచాలి. "మగాళ్ళు మాట్టాడే చోట ఆడగొంతు ఇనపడితే మేర్ పరువు పోద్ది" అని అత్తగారు వెంకమ్మ మొదటి రోజే చట్టం చేసింది. పోలమ్మ నోరు మూసుకుంది. కానీ చెవులు మూసుకోమని ఎవరూ చెప్పలేదు. అర్జీలిచ్చేవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వస్తారు, వాళ్ళ పెళ్ళాలు వంటింటి గుమ్మం దగ్గరే నిలబడతారు. వరండాలో మొగుడు చెప్పేది అర్జీ, పెరట్లో పెళ్ళాం చెప్పేది నిజం. ఆ నిజం తెలియక మొదటి నెలలోనే రామలు ఇద్దరు దొంగలకు మాటిచ్చి, దిక్కులేని ముసలమ్మను తిప్పి పంపాడు. పోలమ్మ వంటింట్లో ఆ సంగతి ఎత్తితే "నీకేం తెలుసు?" అన్నాడు. మూడో రోజు తనే వచ్చి, "ఏదోకటి చెయ్యి. నోరు మాత్రం విప్పకు" అన్నాడు.

అలా మొదలైంది గ్లాసుల భాష. కళాయి వేసిన ఇత్తడి గ్లాసులో టీ వెళ్ళిందంటే మనిషి మంచివాడు, పని చేసిపెట్టు అని. అంచు పెచ్చులూడిన నీలం ఇనామిల్ కప్పులో వెళ్ళిందంటే నమ్మకు అని. రామలు ఓరకంట చూసేవాడు. ఇత్తడైతే "అయిపోయిందనుకో" అనేవాడు, ఇనామిలైతే "తాగు, చూద్దాం" అనేవాడు. ఇంట్లోకి మురుగు పొంగుతోందని వచ్చిన చాకలి మిషెలిన్‌కు ఇత్తడి గ్లాసు దక్కింది, నెల తిరక్కుండా కాలవ బాగైంది. రోడ్డుకి రాళ్ళు పోసే కంట్రాక్టరు సూరయ్య ఏడుసార్లొచ్చాడు, ఏడుసార్లూ ఇనామిలే. "మాదామ్, అంచు పెదివికి గుచ్చుకుంటాంది" అని వాపోయేవాడు పాపం.

మూడో ఏడు ఆ సూరయ్యే గులాబీ పూల చైనా కప్పులు రెండు డజన్లు తెచ్చిచ్చాడు. పెదవి బాధ పడలేక తెచ్చాడంతే, గ్లాసుల సంగతి అతనికేం తెలుసు! రామలు ఉబ్బిపోయాడు. "మేర్ ఇంట్లో ఇత్తడేంటే? మనుషుల్ని చదవడం నాకొచ్చేసిందిలే" అన్నాడు. గ్లాసులు అటకెక్కాయి. మంచివాడికీ గులాబీ, దొంగకీ గులాబీ. రోడ్డు పని సూరయ్యకు వెళ్ళింది. మొదటి పెద్దవానకు ఆ రోడ్డు ఏట్లో కలిసింది, రోడ్డుతో పాటే పదవీ పోయింది. ఓడిన రోజు రామలు కప్పుల పెట్టె వైపు చూసి, "ఇవి అచ్చిరాలేదు" అన్నాడు.

మొన్న ఆదివారం గుడిలో భజనయ్యాక ఆయనకు సన్మానం చేశారు. "మనిషిని చూడగానే పోల్చే కన్ను దేవుడు నాకిచ్చాడు" అన్నాడు. తండ్రికి దండం పెట్టాడు, తల్లికి పెట్టాడు, బండి తోలే వీరయ్యకు పెట్టాడు. ఆఖరికి బండి గుర్రాన్ని కూడా పేరు పెట్టి తలుచుకున్నాడు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న పోలమ్మ ఇంకేమైనా వస్తుందేమోనని చూసింది. గుర్రం తర్వాత చప్పట్లు వచ్చాయి. ఆమెకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. అంతలోనే నవ్వూ వచ్చింది. ఆ గుర్రానికి గడ్డి వేసేదీ తనే మరి.

ఆయన ఓడిపోయాక ఖాళీ వరండాలో పోలమ్మ మొదటిసారి కూర్చుంది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకు! చిన్నప్పుడు భజనలు పాడించే తండ్రి బొగ్గుముక్కతో దిద్దించిన తెలుగు అక్షరాలు వేళ్ళలో ఇంకా ఉన్నాయి. అడిగినవాళ్ళ పిల్లలకు నేర్పింది. ఇప్పుడు ఎనిమిదిమంది ఆడపిల్లలు. "అచ్చరాలతో చెరుకు నరుకుతారా?" అంటుంది అత్తగారు. పోయిన వారం రుక్మిణి అనే పిల్ల పలక మీద వాళ్ళమ్మ పేరు రాసింది. తీసుకెళ్ళడానికొచ్చిన ఆ తల్లి అది చెరిగిపోతుందని పలకను కొంగు కూడా తగలకుండా రెండు చేతులతో మోసుకుపోయింది. ఆ బడినే ఇప్పుడు సోమవారం నుంచి వద్దంటున్నాడు.

సాయంత్రం పాఠం నడుస్తుండగా రామలు టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. ఆయన పడక్కుర్చీలో పోలమ్మ కూర్చుని ఉంది. వేరే చోటు లేక అర్జీదారుల బల్ల మీదే చతికిలబడ్డాడు.

"పిల్లలకి చెప్పావా?"

"లేదండీ."

ఆయన గొంతు తగ్గించాడు. "మూడేళ్ళే, పోలమ్మా. గెలిచాక నీ బడికి ఊళ్ళో గదిప్పిస్తా. మా పరోల్, ఒట్టు! నువ్వూ, నీ గ్లాసులూ లేకపోతే నాకు... కి పు ఫేర్, ఏం చెయ్యను, తెలుసుగా నీకు."

తెలుసు. ఆ మాట గుడిలో, గుర్రం పేరు కంటే ముందు అని ఉంటే ఎంత బాగుండేది! ఇప్పుడు చెవిలో అంటున్నాడు.

"ఉండండి, టీ తెస్తా" అని లేచింది.

తోమిన గ్లాసులు వరసగా మెరుస్తున్నాయి. చెయ్యి అలవాటుగా అటే పోయింది. పోలమ్మ దాన్ని వెనక్కి తీసుకుని, బియ్యం డబ్బా వెనకాల తడిమింది.

రామలు ఆ కప్పు అందుకున్నాడు. దాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఆ నీలం కప్పుకు అర్థం లోకంలో ఇంకెవరికీ ఆయనకు తెలిసినంత బాగా తెలియదు.

"ఇదేంటే, నాకు... ఇందులో?"

"తాగండి" అంది పోలమ్మ, ఎనిమిదిమంది పిల్లలకూ, లోపల అత్తగారికీ వినపడేలా. "చూద్దాం."

వెళ్ళి పడక్కుర్చీలో కూర్చుని రుక్మిణి పలక అందుకుంది. ఒత్తు దిద్దుతూ, తలెత్తకుండానే అంది.

"అంచు పెదవికి గుచ్చుకుంటే కాస్త పక్కకు తిప్పుకోండి."