మాత్రల వరుస

"నోరు తెరువు. నాలుక పైకెత్తు. ఊఁ, పో."

ఆ కుట్టు ఫ్యాక్టరీలో తెల్లవారితే మొదట వినిపించే మాట ఇదే. షెడ్డు గుమ్మంలో వార్డెన్ పళ్లెం పట్టుకుని నిలబడేది. ఒక్కొక్క అమ్మాయి నాలుక మీద ఒక మాత్ర పెట్టి, నీళ్ళు తాగించి, మింగిందో లేదో నోట్లోకి తొంగి చూసి లోపలికి వదిలేది. సంతలో గొడ్డు పళ్ళు చూసేవాడికైనా ఇంతకంటే మర్యాద ఉంటుంది.

ఇది మహమ్మారి రోజుల్లో మొదలైంది. లోకమంతా తలుపులు వేసుకుని కూర్చుంటే, యజమాని గేటుకు తాళం వేయించి, అమ్మాయిలందరినీ షెడ్డు మీది గదుల్లో ఉంచి, ఆసుపత్రులకు పంపే రక్షణ సూట్లు కుట్టించాడు. అదంతా సేవ అన్నాడు. ఆ సేవతో ఆయన ఇంటికి ఇంకో అంతస్తు లేచింది. మాత్ర ఎందుకంటే జ్వరం రాకుండా, ఒంట్లో బలానికి అన్నారు. అమ్మాయిలు నమ్మారు. ఎవరు ఏది మంచిదంటే జనం అదల్లా మింగుతున్న రోజులవి, వాళ్ళను తప్పుపట్టేదేముంది?

సూట్లకు కాలర్లు కుట్టేది కాబట్టి ఆమెను అందరూ కాలరక్క అనేవాళ్ళు. అక్కడ అసలు పేర్లతో ఎవరికీ పని లేదు. చేతులు కుట్టేవాళ్ళు చేతులే కుడతారు, జిప్పులు వేసేవాళ్ళు జిప్పులే వేస్తారు. ఒకరి ముక్క సంగతి ఇంకొకరికి పట్టదు. అన్ని వేల కాలర్లు కుట్టిన కాలరక్క పూర్తయిన సూటును ఒక్కసారీ విప్పి చూసింది లేదు. ఒంటి సంగతీ అలాగే అయింది. నెలసరి ఆగిపోతే తన ఒళ్ళే పాడైందనుకుంది. పక్క మిషను అమ్మాయీ తన గురించి అదే అనుకుంది. ఎవరి దిగులు వాళ్ళు దుప్పటి కప్పుకుని దాచుకున్నారు.

కాలరక్క పక్క మంచం మడతమ్మది. సూటు కాళ్ళకు మడతలు కుట్టే పిల్ల, నోట్లో నాలుక లేని మనిషి. ఆర్డరు పూర్తయి మాత్రలు ఆపిన కొద్ది రోజులకే ఆమెకు రక్తం పోవడం మొదలై ఇక ఆగలేదు. దుకాణాలు మూసి ఉన్నాయి. పాత గుడ్డలు అయిపోయాక సూటు ముక్కలే గతి అయ్యాయి. ప్లాస్టిక్ పూత ఉన్న ఆ ముక్కలు ఒరుసుకుని పుళ్ళు పడ్డాయి. కాలరక్క మేనేజరు కాళ్ళావేళ్ళా పడింది. ఆసుపత్రుల్లో జ్వరం వాళ్ళను తప్ప ఇంకెవరినీ చూడటం లేదన్నాడు, రోడ్డు మీద బండి తిరగనివ్వరన్నాడు. సూట్ల లారీ మాత్రం ఆ గేటులోంచే దర్జాగా వెళ్ళింది. మడతమ్మ మంచం మీదే ప్రాణం వదిలింది.

జ్వరంతో పోయిందని బయట చెప్పారు. గదుల్లో వార్డెన్ ఇంకో మాట చెవిలో ఊదింది. ఎవరితోనో తిరిగి కడుపు తెచ్చుకుందట, దాన్ని పోగొట్టుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకుందట. ఆ మాట పని చేసింది. రక్తం పోతున్న ప్రతి అమ్మాయీ, తన గురించీ ఇదే అంటారని పళ్ళ బిగువున ఓర్చుకుంది.

మహమ్మారి సద్దుమణిగాక, విశ్వవిద్యాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మహమ్మారి కాలంలో యువతుల లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యం మీద పరిశోధన చేస్తున్నానని ఊపిరి తీసుకోకుండా చెప్పింది. జిప్పులమ్మ కిసుక్కున నవ్వి, తమకు తెలిసింది ఉత్పత్తి ఒక్కటేననీ, అది తగ్గితే తిట్లు పడతాయనీ అంది. ఆ పూటకే ఆ అమ్మాయికి ప్రశ్నల పిల్ల అని పేరు పడిపోయింది. తమ దగ్గర దాచేదేమీ లేదని పెద్ద కొనుగోలుదారులకు చూపించుకోవచ్చని యజమాని ఒప్పుకున్నాడు. స్టోరు గదిలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడగాలి. గుమ్మం బయట స్టూలు మీద వార్డెన్ చెవులు రిక్కించుకుని కూర్చుంది.

లోపలికి వెళ్ళినవాళ్ళలో చాలామంది అంతా బాగానే ఉందన్నారు. కొందరు కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. కాలరక్క కూడా బాగానే ఉందని చెప్పేసి వచ్చేదే. కానీ ఆ వారమే కొత్త ఆర్డరు వచ్చింది, దాంతోపాటు గుమ్మంలోకి మళ్ళీ పళ్లెం వచ్చింది. ఈసారి వరుసలో ఆమె చెల్లెలు చిన్నది ఉంది. పద్దెనిమిది నిండి కొత్తగా పనిలో చేరిన పిల్ల. అక్క ఉన్నచోటే కదా అనే ధీమాతో నోరు తెరిచి మింగుతోంది. దాన్ని చూస్తుంటే కాలరక్కకు మడతమ్మ మంచమే కళ్ళముందు ఆడుతోంది.

అందుకని స్టోరు గదిలో తన వంతు రాగానే గొంతు తగ్గించి ఉన్నదంతా చెప్పింది. ప్రశ్నల పిల్ల రాయడం ఆపేసింది.

"అక్కా, అవి పనికి అడ్డం రాకుండా నెలసరి ఆపే మాత్రలు అయ్యుంటాయి. డాక్టరు చూడకుండా ఇవ్వకూడదు, రక్తం ఆగకుండా పోవచ్చు."

"నాకొక్కదానికేనా ఇలా?"

ఆ పిల్ల తల దించుకుంది. ఎవరు చెప్పింది వాళ్ళ దగ్గరే ఉంచుతానని మాటిచ్చి వచ్చిన మనిషి. ఆ మాట వల్లే కొందరైనా ఆమె ముందు ఏడవగలిగారు. ఆ మాట వల్లే ఒకరి ఏడుపు ఇంకొకరికి వినబడకుండా పోతోంది. చివరికి నెమ్మదిగా అంది.

"ఒకరిది ఇంకొకరికి నేను చెప్పకూడదక్కా. మీరు ఒకరినొకరు అడగకూడదని మాత్రం నాతో ఎవరూ అనలేదు."

ఆ సాయంత్రం మేడ మీద, బట్టలు ఆరేసే తీగల మధ్య కాలరక్క అడిగింది. ముందుగా తన సంగతే చెప్పింది. తర్వాత జిప్పులమ్మ, తనకు నెలకు రెండుసార్లు పోతోందని ఎటో చూస్తూ అంది. చేతులు కుట్టే అమ్మాయి, పుళ్ళు ఇప్పటికీ మానలేదంది. ఇంకొకామె, గేటు తీశాక మొగుడి దగ్గరికి వెళ్తే ఆరోగ్య కేంద్రంలో జ్వరాలు తప్ప ఏమీ పట్టించుకోలేదనీ, పిల్లలు కలగకుండా ఏదైనా ఇవ్వమంటే కసిరి పంపారనీ, వద్దనుకున్న కాన్పు నెత్తిన పడిందనీ చెప్పింది. ఒక్కొక్క ముక్కా వచ్చి కలుస్తుంటే మొత్తం సూటు వాళ్ళ ముందు లేచి నిలబడింది.

అదేం మాత్రో చెప్పేదాకా ఎవరూ మింగొద్దని కాలరక్క అంటే, మూటలు కట్టే మూటలమ్మకు ఒళ్ళు మండింది.

"పనిలోంచి తీసేస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదు. నువ్వు వెలిగిస్తావా?"

"వెలిగించలేను," అంది కాలరక్క. "కానీ మడతమ్మను పనిలోంచి తీసేయలేదు. పనిలోనే చంపేశారు."

"దాని సంగతి వేరు. అది తిరిగింది కదే."

అప్పటిదాకా తీగకు ఆనుకుని వింటున్న చిన్నది ముందుకు వచ్చింది. "అప్పుడు గేటుకు తాళం ఉందన్నారు కదా. మరి ఆమె ఎట్లా తిరిగింది?"

ఇంత చిన్న ప్రశ్న ఇన్నాళ్ళూ తమలో ఒక్కరికీ తట్టనందుకు వాళ్ళకు తల కొట్టేసినట్టయింది. మూటలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మడతమ్మ పోయిన రోజు ఏడవని వాళ్ళంతా అప్పుడు ఏడ్చారు.

పొద్దున వరుసలో కాలరక్కే ముందు నిలబడింది. వార్డెన్ మాత్ర ఎత్తింది.

"ఇదేం మాత్ర?"

"బలానికే. తెరువు."

"అయితే మీరొకటి వేసుకోండి మేడం. మీకూ బలం కావాలి కదా."

వెనక ఎవరో నవ్వారు. వార్డెన్ మొహం కందగడ్డ అయింది. బలవంతంగా కాలరక్క దవడ పట్టుకోబోతే ఆమె చేయి విదిలించింది. పళ్లెం ఎగిరి కిందపడింది. వార్డెన్ మీద చేయి చేసుకుందని, పని ఆపించిందని పోలీసులు ఆమెను జీపెక్కించారు. ప్రశ్నల పిల్లను ఇంకెప్పుడూ గేటు దాటనివ్వొద్దని కాపలావాళ్ళకు చెప్పారు. పీడ వదిలిందని మేనేజరు అనుకున్నాడు.

మర్నాడు మళ్ళీ అదే గుమ్మం. ఈసారి మేనేజరు కూడా పక్కనే నిలబడ్డాడు. వరుసలో మొదట చిన్నది ఉంది.

"నోరు తెరువు."

"తెరుస్తాను మేడం. ఇదేం మాత్రో ముందు చెప్పండి."

"మడతమ్మ దేనితో పోయింది?" అంది వెనక నుంచి జిప్పులమ్మ.

"మా కాలరక్క ఎక్కడ?" అంది మూటలమ్మ, అందరికంటే గట్టిగా.

ఈ అడగడం ఎవరు నేర్పారని మేనేజరు గొంతు చించుకున్నాడు. చిన్నది గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఆమె వెనక వరుస మొత్తం అలాగే నేల మీద కూర్చుండిపోయింది. షెడ్డులో ఒక్క మిషనూ తిరగలేదు.

మిషన్ల చప్పుడు లేకపోవడం రోడ్డు మీదికి కూడా తెలిసింది. పక్క ఫ్యాక్టరీకి పనికి వెళ్తున్న అమ్మాయిలు గేటు దగ్గర ఆగారు. వాళ్ళలో ఒకామె ఊచల్లోంచి గుమ్మంలోని మాత్రల పళ్లెం వైపు తొంగి చూసి, చిన్న గొంతుతో అడిగింది.

"మీకూ ఇస్తున్నారా?"