మధ్యలో మనిషి లేని చలికాలం

మా అత్తగారు ఆదివారం వెళ్ళిపోతున్నారన్న సంగతి నాకు మరదలు ఫోన్‌లో చెప్పింది. మరదలుండే ఊరు కారులో నాలుగు గంటల దూరం. మా అత్తగారు అప్పుడు నాకు ఆరడుగుల దూరంలో, వంటింట్లో, బంగాళాదుంపల తొక్క తీస్తున్నారు.

"పదకొండింటికల్లా వస్తాను బావా. అమ్మ సామాను పెద్దగా లేదుగా?"

"లేదు. ఒక సంచీ, కుట్టుపెట్టె."

"మీకేం ఇబ్బంది లేదుగా?"

ఆ ప్రశ్నకి చాలా జవాబుంది. "నాకేముంది," అన్నాను.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో కత్తి చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. ఆవిడ విన్నారు. విన్నారని నాకు తెలిసినట్టు ఆవిడకీ తెలుసు. ఆ రోజు సోమవారం.

ఇది అర్థం కావాలంటే మా ఇంటి పద్ధతి చెప్పాలి. అత్తగారు మా దగ్గరికొచ్చి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో మేమిద్దరం నేరుగా మాట్లాడుకున్న మాటలన్నీ రాస్తే నోటుబుక్కులో ఒక పేజీ నిండదు. కోపతాపాలేమీ లేవు. పెళ్ళైన కొత్తలో మొదలైన మొహమాటం, అంతే. దాన్ని ఎవరూ తియ్యలేదు కాబట్టి ఉండిపోయింది. మా మధ్య నా భార్య ఉండేది. "కిటికీ వెయ్యమంటారేమో మీ అమ్మగారిని అడుగు," అని నేను, అదే గదిలో ఉన్న ఆవిడకి వినపడేలా అనేవాణ్ణి. "వెయ్యమను. నాకేం, ఆయనకే జలుబు చేస్తుంది," అని ఆవిడ కూతురితో అనేవారు. "ఇద్దరూ కలిసి నాకు జీతమివ్వండి. దుబాసీ ఉద్యోగం ఊరికే చేస్తున్నాను," అనేది నా భార్య.

ఆకులు రాలే రోజుల్లో తను పోయింది. అంతకుముందు పదకొండు వారాలు ఆసుపత్రిలో ఉంది. దాని గురించి ఇంతకన్నా రాయను.

ఆ తర్వాత చలి ముదిరింది. మాది పాత ఇల్లు. మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు. కిటికీ చట్రాలు వంకరపోయాయి. తలుపు కింద వేలు దూరేంత సందుంది. ఉన్న ఒక్క హీటరూ తన చుట్టూ తానే వెచ్చగా ఉంటుంది. నేను పొద్దున్నే బడికి వెళ్ళి లెక్కలు చెప్పి, సాయంత్రం వచ్చి, కోటు విప్పకుండా కుర్చీలో కూర్చునేవాణ్ణి. విప్పడం పెద్ద పనిలా అనిపించేది. ఎలాగూ పొద్దున మళ్ళీ వేసుకోవాలి కదా అనుకునేవాణ్ణి.

అత్తగారు ముప్ఫై ఏళ్ళు ఒక టైలర్ షాపులో చేతి పని చేశారు. కాజాలు, గుండీలు, అంచులు. ఆవిడ చేతులు ఊరికే ఉండలేవు. ఒకరోజు నేను వచ్చేసరికి తలుపు దగ్గర పాము పడుకుని ఉంది. నా పాత ప్యాంటు కాలు ఒకటి కోసి, అందులో రంపప్పొట్టు కూరి, కొసలు కుట్టేసి, తలుపు కింద సందుకి అడ్డంగా పెట్టారు. కళ్ళకి రెండు గుండీలు. ఒకటి నలుపు, ఒకటి గోధుమరంగు. నేను నిలబడి చూస్తూ ఉండిపోయాను.

"కళ్ళుంటేనే నయం," అని ఆవిడ స్టవ్‌తో అన్నారు. "లేకపోతే ఎవరైనా చూసుకోకుండా తొక్కి పడతారు."

"దీనికి చూపు కొంచెం తేడాగా ఉన్నట్టుంది," అని నేను పాముతో అన్నాను.

దుబాసీ లేని ఇంట్లో మేము అలా మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. ఆవిడ స్టవ్‌తోనో కిటికీతోనో చెప్పేవారు. నేను గోడతోనో నా బూట్లతోనో చెప్పేవాణ్ణి. ఎవరైనా వింటే ఇద్దరికీ మతి పోయిందనుకుంటారు. కానీ పని జరిగిపోయేది.

ఒక సెలవురోజు కిటికీల పని పెట్టుకున్నాం. నేను స్కేలుతో సందులు కొలిచాను. కిందటేడు పరీక్షల జవాబు పత్రాలు బీరువా మీద ఒక కట్ట ఉంటే దించి, ఒక్కొక్కటీ పెన్సిలంత సన్నంగా చుట్టాను. ఆవిడ వాటిని కత్తి వీపుతో సందుల్లోకి దోపారు. సాయంత్రానికి కిటికీ చుట్టూ నా ఎర్ర సిరా టిక్కులు అక్కడక్కడా కనిపిస్తున్నాయి.

"సున్నా వచ్చినవాడి కాగితమే గాలిని బాగా ఆపుతోంది," అని ఆవిడ కిటికీతో అన్నారు.

నేను నవ్వాను. అన్ని వారాల తర్వాత నవ్వితే ఒళ్ళు అలిసిపోయింది. మెట్లెక్కినట్టు కాసేపు కూర్చోవలసి వచ్చింది.

చలికి చేతితొడుగు వేసుకుంటే సుద్దముక్క పట్టు దొరకడం లేదని ఒకసారి నా బూట్లతో చెప్పుకున్నాను. మూడో రోజు నా చేతితొడుగు బల్ల మీద ఉంది. కుడిచేతిది, మూడు వేళ్ళ కొసలు మాత్రం కత్తిరించి, పోగులు లేవకుండా అంచు కుట్టి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. సుద్దముక్క పట్టుకోవడానికి కావలసినవి అవే. "ఆ మూడు వేళ్ళూ ఏం తప్పు చేశాయి సార్?" అని పిల్లలు అడిగారు. "హోంవర్కు చెయ్యలేదు," అన్నాను. క్లాసు నవ్వింది. ఆ మాట ఇంటికొచ్చి ఎవరికైనా చెప్పాలనిపించింది. కుర్చీలో కూర్చున్నాక, చెప్పవలసిన మనిషి లేదని గుర్తొచ్చింది.

ఇవన్నీ చూసి ఆవిడ ఉంటారనుకున్నాను. ఇంట్లో సందులన్నీ మూస్తున్న మనిషి ఆ ఇల్లు విడిచి వెళ్ళరని నా లెక్క. సోమవారం ఫోన్ వచ్చాక ఆ లెక్క తప్పని తేలింది. ఆవిడ నన్ను ఒంటరిగా వదిలేముందు ఇల్లు వెచ్చగా చేసి పెడుతున్నారు. నేను దాన్ని ఉండిపోవడానికని అనుకున్నాను.

మంగళ, బుధవారాలు ఏమీ జరగలేదు. పొద్దున టీ కప్పు బల్ల మీద ఉండేది. సాయంత్రం నేను రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టేవాణ్ణి. ఉండమని అడగాలని రెండు రోజులూ బడి నుంచి వచ్చే దారిలో వాక్యాలు తయారు చేసుకున్నాను. మూడు అంతస్తులు ఎక్కేసరికి అవి పాఠంలా తయారయ్యేవి. ఏ హక్కుతో అడగాలో తెలియలేదు. ఆవిడ సొంత కూతురు పిలుస్తోంది. నేనెవర్ని? చనిపోయిన కూతురి మొగుణ్ణి.

గురువారం సాయంత్రం నేను వచ్చేసరికి మా బొంత రెండు ముక్కలై ఉంది.

అది దూది నింపిన పెద్ద బొంత. పెళ్ళైన ఏడాది చలికి తట్టుకోలేక మేమిద్దరం కొన్నది. ఆవిడ దాన్ని సరిగ్గా మధ్యకి కోసి, రెండు ముక్కలకీ అంచులు కుట్టారు. చూస్తే కోసినట్టే తెలియదు. ఒక ముక్క నా మంచం మీద మడతపెట్టి ఉంది. రెండోది ఆవిడ సంచీ పక్కన.

నేను స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళు పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఇంత కోపం నాలో మిగిలి ఉందని అనుకోలేదు. బొంతలో నా భార్య వైపు ఏదో, నా వైపు ఏదో కూడా నాకు ఇప్పుడు తెలియదు. కూతురి సగం ఆవిడ తీసుకెళ్ళిపోతున్నారు అనుకున్నాను. శుక్రవారమంతా ఆ కోపంతోనే పాఠాలు చెప్పాను. ఆ బొంత కప్పుకోకుండా రెండు రాత్రులూ కోటు కప్పుకుని పడుకున్నాను.

శనివారం మధ్యాహ్నం ఆవిడ కుట్టుపెట్టెలో దారపు ఉండలు సర్దుకుంటున్నారు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. స్టవ్‌ని గాని, గోడని గాని చూడలేదు.

"అది మా బొంత అండీ," అన్నాను.

ఆరేళ్ళలో ఆవిడతో నేను నేరుగా అన్న మొదటి పెద్ద మాట అది. ఫిర్యాదు.

ఆవిడ తలెత్తి చూశారు. "మీదే. అందుకే కోశాను."

"అంటే?"

"అంత వెడల్పు బొంత ఒక్క మనిషి కప్పుకుంటే పక్కన ఖాళీ ఉండిపోతుంది. చలి అటునుంచే వస్తుంది. ఎంత ముడుచుకున్నా వస్తుంది." ఆవిడ దారం కొస వేలికి చుట్టుకుంటూ చెప్పారు. "మీ మామగారు పోయినప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. రెండు చలికాలాలు వణికాక నాకే తెలిసి, కోసుకున్నాను. మీరు ఆ రెండేళ్ళూ వణకడం దేనికని."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"రెండో ముక్క?"

"అది..." ఆవిడ సంచీ వైపు చూడకుండా అన్నారు. "తీసుకెళ్ళనా అని అడుగుదామనుకున్నాను. ఎవరితో అడిగించాలో తెలియలేదు."

నేను సంచీ పక్కనున్న ఆ ముక్క వైపు చూశాను.

"నన్నే అడగాల్సింది," అన్నాను.

"అలవాటు లేదు."

"నాకూ లేదండీ."

ఆవిడ చిన్నగా ముక్కుతో నవ్వారు. "మీరు నన్ను తీసుకుపొమ్మన్నారని మా చిన్నది చెప్పింది."

"నేనా?"

"ఇక్కడ చలి ఎక్కువ, వాళ్ళింట్లో వెచ్చగా ఉంటుందని అన్నారటగా."

అన్నాను. నెల క్రితం ఆవిడ దగ్గుతుంటే, మందులషాపు నుంచి వస్తూ మరదలితో ఫోన్‌లో అన్నాను. బెంగతో అన్న మాట. మరదలి దగ్గర్నుంచి అది ఇంకో రకంగా తిరిగొచ్చింది. "మీకు రావాలని ఉందని నాతో చెప్పింది," అన్నాను.

"ఆయనకి ఎన్నాళ్ళని భారంగా ఉంటాను అన్నాను. రావాలని అనలేదు."

"భారమని నేనెప్పుడన్నాను?"

"ఉండమని ఎప్పుడన్నారు?"

ఒకే ఇంట్లో ఉండి, నాలుగు గంటల దూరంలో ఉన్న మనిషి చేత కబుర్లు మోయించాం. పాత దుబాసీ పోతే, ఎవరినీ అడగకుండా కొత్త దుబాసీని పెట్టుకున్నాం. పాత మనిషి మా ఇద్దరి మనసూ చదివి, మాటని అందుకు తగ్గట్టు మార్చి చెప్పేది. ఆ తేడా మాకు తెలియలేదు.

"ఉండండి," అన్నాను. తయారు చేసుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఏ వరసన ఉండమంటారు?" ఆవిడ అది దెప్పడానికి అనలేదు. నిజంగానే అడిగారు. "కూతురే లేనప్పుడు అత్తగారేంటి, అల్లుడేంటి? నలుగురూ అడిగితే నేనేం చెప్పుకోను?"

"వరస నాకు తెలియదండీ. పెద్ద సాయంగా కూడా ఉండలేను. సాయంత్రం వచ్చేసరికి నాకు మాట్లాడే ఓపిక ఉండదు."

"నాకు మాత్రం ఎక్కడుంది," అన్నారు ఆవిడ.

దారపు ఉండ ఒకటి పెట్టెలో పెట్టారు. తర్వాత, "చిన్నదానికి చెప్పండి. పొద్దున్నే బయల్దేరిపోతుంది," అన్నారు.

"మీరు చెప్తే బాగుంటుంది."

"మళ్ళీ మొదలెట్టారా?"

ఫోన్ బల్ల మీద ఇద్దరి మధ్యా పెట్టి, స్పీకర్ నొక్కాను. నేను సగం చెప్పాను, ఆవిడ సగం చెప్పారు.

"ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారా ఇప్పుడు?" అంది మరదలు.

"ఉన్నాం."

"నెలరోజుల్నుంచి ఉన్నారా?"

అత్తగారు ఫోన్‌ని కాస్త తన వైపు జరుపుకున్నారు.

"నేను గది సర్దాను బావా. పిల్లలిద్దరినీ ఒక గదిలోకి తోసి, మంచం కొన్నాను. అమ్మొస్తుందని వాళ్ళకి చెప్పాను." గొంతు పెంచలేదు. "అక్క పోయింది మీ ఇద్దరికేనా? నాకూ పోయింది. అమ్మ పక్కన నాలుగు రోజులు ఉంటే బాగుంటుందనుకున్నాను. ఆ మాట నేను మాత్రం ఎవరితో చెప్పించాలి?"

అత్తగారు ఫోన్ మీద చెయ్యి వేశారు, భుజం మీద వేసినట్టు. "చిన్నదానా," అన్నారు. "నువ్వు రా. నన్ను తీసుకెళ్ళడానికి కాదు. ఊరికే రా. పండగని కాదు, పనుందని కాదు, రేపే."

"రేపు ఎలాగూ ఖాళీ పెట్టుకున్నానుగా," అంది మరదలు. ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. "వస్తాను. కానీ నన్నింక మధ్యలో పెట్టకండి. నేను అక్కని కాదు. నాకంత నేర్పు లేదు."

ఆదివారం పదకొండుంపావుకి వచ్చింది. తల్లిని పట్టుకుని గుమ్మంలోనే కాసేపు నిలబడింది. అరకప్పు టీ తాగి, "అయిదు నిమిషాలు నడుం వాలుస్తాను," అని కోటు కూడా విప్పకుండా తల్లి మంచం మీద పడుకుంది. అంతే. పన్నెండైంది, ఒంటిగంటైంది. అత్తగారు రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చారు. నేను ఒకసారి వెళ్ళి చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చాను.

వంటింట్లో సన్నటి మంట మీద సూప్ ఉడుకుతోంది. బల్లకి అటు ఆవిడ, ఇటు నేను.

"లేపమంటారా?" అని ఆవిడ నన్ను అడిగారు.

"పడుకోనివ్వండి. ఎన్నాళ్ళైందో ఇలా నిద్రపోయి."

"నాలుగింటికి బయల్దేరకపోతే ఇల్లు చేరేసరికి బాగా రాత్రవుతుంది."

"ఈ పూటకి ఇక్కడే ఉండమందాం."

"రేపు దాని పిల్లలకి బడి ఉంది."

"మూడున్నరకి నేను లేపుతాను."

"మీరు లేపితే విసుక్కుంటుంది. చిన్నప్పట్నుంచీ అంతే. నేనే లేపుతాలెండి."

"సరే."

పక్కగదిలో మనిషికి వినపడకూడదని ఇద్దరం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నాం. అంత మెల్లగా మాట్లాడాలంటే ఎదుటి మనిషి ముఖం చూడక తప్పదు.

"అప్పటిదాకా మీరు కాస్త తినకూడదూ?" అన్నారు.

"మీరు?"

"నాకూ పెట్టండి," అని ఆవిడ గిన్నె నా వైపు జరిపారు.