నాలుగున్నర శ్రుతి

కారప్పొడి పొట్లం మూతికి నా కాపో పెట్టి ఉంది. మా అత్తగారు పెట్టారు. "గట్టి క్లిప్పమ్మా, గాలి చొరదు. గిటారు పెట్టె మీద ఊరికే పడుంటే తీశాను," అన్నారు నేనేమీ అడక్కుండానే. పప్పులో పోపు వేస్తూనే రెండో చేత్తో దాన్ని ఊడదీశాను. రబ్బరు నిండా ఎర్రటి కారం. తడిగుడ్డతో తుడిచి, వాసన చూసి, మళ్ళీ తుడిచాను. ఆవిడ తప్పేమీ లేదు. మా ఇంట్లో ఏ వస్తువైనా ఎవరికి ఎక్కడ పనికొస్తే అక్కడ ఉంటుంది. నేనూ అంతే.

"ఇంతకీ అదేం వస్తువు?" అని అడిగారు. గిటారు మెడకి పెట్టే బిగింపు అని చెప్పాను. వీణకి ఉన్నట్టే గిటారుకీ మెట్లుంటాయి కదా, ఏ మెట్టు దగ్గర పెడితే తీగలన్నీ అక్కణ్ణుంచే మొదలవుతాయి, శ్రుతి అంత పైకెళ్తుంది, వేళ్ళు మాత్రం పాత పట్లే పట్టుకోవచ్చు అన్నాను. ఆవిడ చేటలో బియ్యం ఏరడం ఆపి, "అంటే పాట పైకెళ్ళిపోద్దా?" అన్నారు. అవునండి అన్నాను. "మరి మావాడికి అందుద్దా?" అన్నారు. మొత్తం సంగతి ఆవిడకి ఒక్క ముక్కలో అర్థమైపోయింది. నాకు అర్థమవడానికి ఏళ్ళు పట్టింది.

మావాడంటే మా ఆయన, ఉదయభాస్కర్. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటు. రాజమండ్రిలో మాకు తెలిసినవాళ్ళ గృహప్రవేశమైనా, రిటైర్మెంటు సభైనా భోజనాలయ్యాక మైకు ఆయన చేతికొస్తుంది. మంచి గొంతే, ఆ మాట కాదనను. పాత సినిమా పాటలు రెండో శ్రుతిలో ఎత్తుకుంటే పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని తలలూపుతారు. పక్కన గిటారుతో నేను. కాలేజీ రోజుల్లో జ్ఞానప్రకాశం మాస్టారి దగ్గర నేర్చుకున్నాను. పెళ్ళిచూపుల్లో ఆ సంగతి తెలిసి, "అబ్బాయి పాడతాడు, అమ్మాయి వాయిస్తుంది, ఇంకేం కావాలండి!" అన్నారు పెద్దలు. అమ్మాయి పాడుతుందా అని ఎవరూ అడగలేదు. నాకూ చెప్పాలనిపించలేదు, ఆ రోజు ట్రేలో కాఫీలు తొణక్కుండా చూసుకోవడంతోనే సరిపోయింది.

ప్రోగ్రాం ఉందంటే నా పని పొద్దున్నే మొదలవుతుంది. ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ, గొంతుకి ఫ్లాస్కులో వేడినీళ్ళు, ఏ పాట తర్వాత ఏ పాటో అనుకోవడానికి వచ్చే స్నేహితులకి పెసరట్లు, మధ్యలో స్కూలుకెళ్ళి లెక్కల పాఠాలు. స్కూల్లోనూ పొద్దున ప్రేయర్‌కి వాయించేది నేనే. "మీకిష్టమే కదా మేడమ్," అంటారు ప్రిన్సిపాలుగారు, దానికి ఒక్క పీరియడైనా తగ్గించకుండా. ఇష్టమున్నవాళ్ళ చేత ఊరికే చేయించుకోవచ్చన్న సూత్రం ఇంటా బయటా ఒకటే. ప్రోగ్రాం అయిపోయాక అందరూ "భాస్కర్ గారి ప్రోగ్రాం బ్రహ్మాండం" అంటారు. గిటారు, మైకు స్టాండు, ఖాళీ ఫ్లాస్కు నేను కారులో సర్దుతుంటాను.

చివర్లో ఒక యుగళగీతం ఉంటుంది. అందులో ఆడగొంతు నాది. పల్లవి కింది స్వరాల్లో నా మాటలు మాటలుగా రావు, గొంతులోనే నలిగి గరగరమని బయటికొస్తాయి. "మీ ఆవిడ చెయ్యి బాగుందండీ, గొంతే కొంచెం బొంగురు," అని ఎవరో ఒకసారి అన్నారు. మా ఆయన మైకు పక్కకి తియ్యకుండానే, "దేవుడు వేళ్ళిచ్చి గొంతు మర్చిపోయాడండి," అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే భాస్కర్ గారి భార్యకి సరదా తెలీదంటారు.

అప్పట్నుంచీ నా గొంతు మా చుట్టాలందరి ఉమ్మడి ఆస్తి అయిపోయింది. అత్తగారు కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమన్నారు. ఏళ్ళ తరబడి పెట్టుకున్నాను, క్లాసులో కూడా. మా పెద్దాడపడుచు ఉషారాణి వదినగారు తణుకు నుంచి అతిమధురం పంపించారు. ఒక పిన్నిగారు మిరియాల పాలన్నారు, ఇంకొకరు పెరుగు మానెయ్యమన్నారు. గోదావరి జిల్లాలో పుట్టి ఎండాకాలంలో గడ్డపెరుగు మానేశాను నేను! ఆయన కూడా ఊరుకోలేదు, గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు గొట్టం పెట్టి చూసి, "శుభ్రంగా ఉందండి, ఏమీ లేదు," అన్నారు. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ మా ఆయన, "అయితే పుట్టుకతో వచ్చిందన్నమాట," అన్నారు. జాలిగానే అన్నారు. అందరూ నా మంచికే చూశారు. ఆయన శ్రుతి కాస్త మార్చి చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు, నాతో సహా.

పోయిన నెలలో వదినగారి అమ్మాయి పావని పెళ్ళిచీరల కోసం వచ్చి మా ఇంట్లో దిగింది. ఆదివారం వంటింట్లో గోంగూర ఒలుస్తూ నేనేదో పాడుకుంటున్నాను. ఆ పిల్ల తల తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఎవరత్తా పాడేది? రేడియో అనుకున్నాను."

"రేడియో ఎక్కడుందే? నేనే."

"మరి మావయ్య పక్కన పాడేటప్పుడు ఆ గొంతేంటి?"

నేను గోంగూర కాడలు పక్కకి నెట్టాను. జలుబు చేసి ఉంటుందిలే అన్నాను. ప్రతిసారీనా అంది. తర్వాత నా పక్కనే నేల మీద కూర్చుని, "నన్ను పెళ్ళికూతుర్ని చేసే రోజు నువ్వు పాడాలత్తా. మావయ్య కాదు, నువ్వు. ఈ గొంతుతోనే," అని నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. సరే అన్నాను. అన్నాక భయమేసింది. ఈ గొంతు వంటింటి గడప దాటి వస్తుందో రాదో నాకు తెలీదు.

పావనిని తీసుకుని ఇంట్లోవాళ్ళంతా బట్టల కొట్టుకి వెళ్ళాక, అదే పాట నోట్లో ఆగకుండా పట్టుకుని గిటారు దగ్గరికి నడిచాను. నేను పాడుకుంటున్న షడ్జమం ఏ తీగ మీద ఉందో వెతికాను. నాలుగో తీగ, నాలుగో మెట్టు. అంటే నాలుగున్నర శ్రుతి. ఆయనది రెండు. మగవాళ్ళకి ఒకటీ రెండూ, ఆడవాళ్ళకి నాలుగున్నర, ఐదు అని పాట నేర్పే ఎవర్నడిగినా చెప్తారు. మాస్టారు నాకెప్పుడో చెప్పారు కూడా. ఆ లెక్క నాకు తెలుసు, అది నా గొంతుకి కూడా వర్తిస్తుందన్న ఊహే రాలేదు. కుర్చీలో కూర్చుండిపోయాను. కోపం వచ్చింది. నా గొంతుకి ఏ జబ్బూ లేదు. ఇన్నాళ్ళూ ఆయన శ్రుతిలో పాడుతున్నాను, అంతే. దానికి కరక్కాయ ఏం చేస్తుంది, అతిమధురం ఏం చేస్తుంది?

నా శ్రుతిలో ఉత్త చేతులతో వాయించాలంటే చూపుడువేలు తీగలన్నిటి మీదా అడ్డంగా పడుకోబెట్టి పాటంతా నొక్కిపట్టాలి. రెండు చరణాలకే బొటనవేలి మొదలు లాగేస్తుంది. బట్టలు పిండి, లెక్కల నోటుపుస్తకాల కట్టలు మోసి వచ్చిన చెయ్యి అది. ఆ వేలు చేసే పనే కాపో చేసిపెడుతుంది. రాత్రి భోజనాల దగ్గర అన్నాను, కాపో కొనుక్కుంటానని. "కాపోనా? నేర్చుకునే పిల్లలకి కదా అది. నీలాంటిదానికి నామోషీ కాదూ?" అన్నారు ఆయన మజ్జిగన్నం కలుపుకుంటూ. నా వాయిద్యం మీద ఆయనకి గౌరవముంది. ఇంకో ముద్ద తిని, "నా పాటలన్నీ నీకు చేతికొచ్చేశాయి, ఇంకెందుకు?" అన్నారు.

ఫోన్లో ఆర్డరిచ్చి తెప్పించుకున్నదే ఈ కారప్పొడి క్లిప్పు. బట్టల క్లిప్పులా ఒక్కసారి నొక్కి పెట్టెయ్యొచ్చు. కానీ దాని స్ప్రింగు బలం దానిదే, మన మాట వినదు. నా సన్నతీగల్ని పక్కకి లాగేసి అపస్వరం పలికించింది. ఎన్నిసార్లు సరిచేసినా అంతే. పొట్లం మీంచి ఊడదీసిన ఆ సాయంత్రం దాన్ని కడిగి ఆరబెట్టి, మళ్ళీ కారప్పొడి పొట్లానికే పెట్టేశాను. దానికి అదే సరైన ఉద్యోగం. మర్నాడు స్కూలు వదలగానే ఆటో ఎక్కి మెయిన్ రోడ్డుకెళ్ళాను.

సంగీత వాయిద్యాల కొట్టు బంగార్రాజు గారిది. కాపో అనగానే, "బాబుకా అండి, పాపకా?" అన్నారు.

"నాకేనండి."

"ఆహా, అలాగాండి," అని ఆయన కాస్త తడబడి డ్రాయరు లాగారు. ముందు సాగే గుడ్డపట్టీది ఇచ్చారు. కొట్లోని గిటారుకే పెట్టి మీటాను, సన్నతీగలు చిటపటమన్నాయి. వెనకాల మర ఉన్నది అడిగాను. "ఇది లేటండి బాబూ. స్టేజీ మీద తిప్పుకుంటూ కూర్చోవాలి. అందరూ క్లిప్పుదే పట్టుకెళ్తారు," అన్నారు. నాకు తొందర లేదండి అన్నాను. ఎంత బిగించాలో నా చేతిలో ఉండేది అదొక్కటే. నా గిటారు మెడ కాస్త గుండ్రం కాబట్టి, రబ్బరు కూడా వంపు తిరిగి ఉన్నది ఏరుకున్నాను.

మా ఆయన ఆఫీసులోనూ అత్తగారు మధ్యాహ్నం నిద్రలోనూ ఉన్న ఒక స్కూలు సెలవు రోజున దాన్ని నాలుగో మెట్టుకి పెట్టాను. మొదట రెండు మెట్ల నడిమధ్య పెడితే తీగలు గరగరలాడాయి. మెట్టుకి ఆనుకుని ఉండాలి, మెట్టెక్కకూడదు. మర కొంచెం కొంచెంగా తిప్పాను, గరగర పోగానే ఆపేశాను. అంతకన్నా బిగిస్తే శ్రుతి చెడుతుంది. తీగలు మళ్ళీ ఒక్కొక్కటీ సరిచూసుకుని, ఆయన పాటలకి పట్టే పట్లే పట్టాను. వేళ్ళకి తేడా తెలీలేదు. వచ్చింది మాత్రం నా శ్రుతి. పల్లవి కింది స్వరాల దగ్గర అలవాటుగా గొంతు బిగబట్టాను, అవసరం లేకపోయింది. ప్రతి మాటా మాటలా వచ్చింది. నాకు చాలా సంతోషమేసింది. అత్తగారు లేచి కాఫీ అడిగే దాకా ఆ సంతోషంలోనే ఉన్నాను.

పావనిని పెళ్ళికూతుర్ని చేసే రోజు తణుకులో ఇంటిముందు పందిరి నిండా జనం. ముత్తైదువలు నలుగు పెట్టడం అయిపోయింది. పసుపు మొహంతో పావని పీట మీద కూర్చుంది, దాని స్నేహితురాళ్ళు ఫోన్లు పట్టుకుని చుట్టూ మూగారు. మా ఆయన రెండు పాటలు పాడారు. చప్పట్లు తగ్గాక పావని పీట మీంచే, "మావయ్యా, ఇప్పుడు అత్త!" అని అరిచింది.

వదినగారు పళ్ళెం పట్టుకుని వెళ్తూ ఆగారు. "ఒరే తమ్ముడూ, నువ్వే కానియ్యిరా. దుర్గకి గొంతు పట్టేస్తుందిగా పాపం, ఇంతమందిలో ఎందుకు?" అన్నారు.

"మేమిద్దరం పాడతాంలే అక్కా," అన్నారు మా ఆయన పెద్దమనసుతో. మైకులో యుగళగీతం అని ప్రకటించి నావైపు తిరిగి తలూపారు.

నేను సంచిలోంచి కాపో తీశాను. నాలుగో మెట్టు దగ్గర పెట్టి మర తిప్పడం మొదలుపెట్టాను. బంగార్రాజు గారన్నట్టు అది లేటే. పందిరంతా ఎదురుచూసింది. ఆయన నవ్వుమొహంతోనే నావైపు వంగి, "ఏంటది? తీసెయ్యి దుర్గా, అందరూ చూస్తున్నారు," అన్నారు. నేను తీగలు ఒక్కొక్కటీ సరిచూసుకుని, మొదటి పట్టు పట్టి మీటాను.

ఆయన పాట తెలిసిన మనిషి. శ్రుతి విన్న వెంటనే మొహంలో నవ్వు పోయింది. లోలోపల ఒకసారి హమ్ చేసుకుని, చరణం పైస్థాయి దాకా వెళ్ళి, ఆగిపోయారు. మైకు మీద అరచెయ్యి మూసి, "ఈ శ్రుతిలో నేనెలా పాడతాననుకున్నావ్?" అన్నారు.

న్యాయమైన ప్రశ్న. పెళ్ళైన దగ్గర్నుంచీ ప్రతి పందిట్లో, ప్రతి హాల్లో నేనడగాల్సిన ప్రశ్న అది. కరక్కాయ నములుతూ, పెరుగు మానేసి, డాక్టరు ముందు నోరు తెరిచి కూర్చున్నాను కానీ ఒక్కసారీ అడగలేదు. ఆయనకి అది అడగడానికి అరనిమిషం పట్టలేదు.

"మీరు పాడక్కర్లేదండి," అన్నాను. "వినండి."

మైకు స్టాండు ఆయన ఎత్తుకి ఉంది. దాన్ని నా నోటిదాకా దించుకుని, పాట ఎత్తుకున్నాను.