వెంకటవ్వ పొయ్యి

గోపాల్ రావుతో కాపురం కష్టమని సుమతి ఎవరితోనూ అనలేదు గాని, ఆయన వంటింటి గడప దాటినప్పుడల్లా అనుకునేది. మనిషి మంచివాడే. కోరుట్లలో ఒక ప్రైవేటు కాలేజీలో రసాయన శాస్త్రం చెప్తాడు, గొంతు పెంచడు, పెట్టింది తింటాడు. తినే ముందు మాత్రం ప్రతిదానికీ కారణం అడుగుతాడు. మృగశిర కార్తె మొదలయ్యే మిర్గం నాడు ఇంగువ కలిపిన బెల్లం ఉండ చేతిలో పెడితే "ఇది తింటే ఏమైతది?" అంటాడు. ఆషాఢంలో మునగాకు వండితే "మొన్న జ్యేష్ఠంల ఎందుకు వండలె, అప్పుడు విషమా?" అంటాడు. వంట మొదలుపెట్టేటప్పుడు ఆమె చిటికెడు బియ్యం మంటకు వేస్తే, గ్యాసు పొయ్యికి ఆకలి ఎప్పటి నుంచి మొదలైందని అడుగుతాడు. అడిగి, జవాబు కోసం ఆగకుండా ఉండ మింగేస్తాడు. ఇంకొకటి ఉందా అని చెయ్యి చాపుతాడు.

సుమతి జగిత్యాలలో బి.ఎ. దాకా చదివింది. ఆయన అడిగినవాటికి ఆయన భాషలోనే జవాబు చెప్పగలదు. చెప్పకుండా ఉడికించడంలో ఉన్న రుచి ముందు ఆ జవాబు ఏపాటిది.

ఇల్లు కట్టించేటప్పుడు వంటగద్దె కింద ఆమె ఏం పెట్టిందో గోపాల్ రావుకు ఇప్పటికీ తెలియదు. మేస్త్రీ చాయ తాగడానికి పోయిన ఐదు నిమిషాల్లో, పచ్చి సిమెంటు కింద అరచేతిలో పట్టేంత మట్టి గురిగి దాచింది. దానిలో ఒక పసుపు కొమ్ము, తొమ్మిది రకాల గింజలు, ఒక ఇనుప మేకు. పసుపు పొయ్యిని చల్లగా చూస్తుంది, గింజ ఇంట్లో గింజను నిలుపుతుంది, ఇనుము చెడు కంటిని ఆపుతుంది. ఇది ఆమెకు నేర్పింది వెంకటవ్వ.

వెంకటవ్వది చందుర్తి దగ్గరున్న సుమతి అత్తగారి ఊరే. భర్త ఎల్లేశం తాళ్లెక్కి కల్లు గీస్తాడు. ఆమె పొయ్యిలు పెడుతుంది. ఊళ్లో కొత్త కోడలు వచ్చినా, అన్నదమ్ములు వేరుపడినా, కొత్త పొయ్యికి వెంకటవ్వ చెయ్యి పడాల్సిందే. పుట్టమన్ను తొక్కి, మొగవాళ్ల కంట పడకుండా కింద గురిగి పాతి, రాళ్లు నిలబెట్టి, అలికి, ముగ్గు పెట్టి అగ్గి ముట్టించేది. ఏ కార్తెలో ఏం వండాలో, ఏ అమావాస్యకు ఏం తిప్పి పారేయాలో ఆమె నోటిమీదనే ఉండేది. ఊరి గోడల మీద నక్సలైట్ల ఎర్ర రాతలు పడ్డాక, ఊరి దొర అయిన సుమతి మామ నర్సింగ్ రావు గడీకి తాళం వేసి అందరినీ కోరుట్లకు తెచ్చాడు. ఆయన భూమి గురించి బెంగపడ్డాడు. సుమతికి వెంకటవ్వ మీద బెంగ.

ఎనభై ఏడులో, తొలి ఏకాదశికి ముందురోజు పొద్దున్నే ఎల్లేశం కోరుట్లకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఇంటిదాన్ని మంత్రాలదని అంటున్నరు, దొరసాని," అన్నాడు. మళ్లీ నాలుక కరుచుకున్నాడు. "దొరసాని అనద్దన్నరు అన్నలు. అక్కా అందామంటే నోరు తిరుగది."

"ఏదో ఒకటి అను గని సంగతి చెప్పు."

సంగతి ఇది. మొగిలయ్య చిన్నబిడ్డకు పదిహేను రోజులుగా జ్వరం దిగలేదు. పక్క ఊరి నుంచి బక్కయ్య అనేవాడు వచ్చాడు, మంత్రాలు పట్టి తీస్తానని చెప్పుకునే మనిషి. ఊరంతా తిరిగి, వెంకటవ్వ ఇంటి ముందు ఆగి, చేతబడి ఆ పొయ్యి కింద ఉందన్నాడు. ఆడవాళ్లను దూరంగా నిలబెట్టి మొగిలయ్యా, మరికొందరు మొగవాళ్లూ పొయ్యి తవ్వారు. గురిగి దొరికింది. ఏ పొయ్యి కింద తవ్వినా గురిగి దొరుకుతుందని బక్కయ్యకు తెలియదంటే సుమతి నమ్మదు.

"గురిగిల ఏమున్నది?"

ఎల్లేశం గొంతు తగ్గించాడు. "వేలు. చంటిపిల్ల వేలు, ఎండి నల్లగ వంకర పోయింది. బక్కయ్య దాని మీద సున్నపు నీళ్లు చల్లిండు. నెత్తురు కారింది. నా కండ్లతోని చూసిన."

సుమతి చేతిలోని చాట కింద పెట్టింది. "ఏం నీళ్లు?"

"సున్నపు నీళ్లు."

"నువ్వు సుత నమ్మినవా ఎల్లేశం?"

ముప్పై ఏళ్లు ఆ చేతి బువ్వ తిన్నవాడు కాళ్ల వైపు చూసుకున్నాడు. "నెత్తురు చూసినంక ఏం జెయ్యాలె," అన్నాడు. "రేపు మాపటీలి అందరు మా వాకిట్ల కూడుతరట. మంత్రాలు చదువకుంట పండ్లు ఊడగొడ్తమంటున్నరు. అడవికి సుత కబురు పోయిందట."

దిష్టి తీయడానికి ఆడవాళ్లు పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తారు. నీళ్లు నెత్తురులా ఎర్రబడతాయి. ప్రతి ఇంట్లో జరిగేదే. కాని దిష్టి తీయించుకునే మొగవాళ్లు తూర్పుకు తిరిగి నిలబడతారు, ఎర్ర నీళ్ల పళ్లెం వస్తుంది, చుట్టూ తిరుగుతుంది, పోతుంది. ఆ ఎరుపు వంటింట్లో ఎట్లా పుడుతుందని అడిగిన మొగవాణ్ని సుమతి తన జన్మలో చూడలేదు. కారణాలు అడిగే గోపాల్ రావు కూడా అది ఒక్కటి అడగలేదు.

ఇప్పుడు మాత్రం సుమతి సంగతి చెప్పగానే పట్టుకున్నాడు. "పసుపు. సున్నం క్షారం. క్షారం తగిలితే పసుపు ఎర్రగైతది, ఇది మా పిల్లలకు మొదటి నెలల్నే చెప్తం," అని, అప్పటికప్పుడు కూర్చుని మూఢనమ్మకాల మీద రెండు పేజీలు రాశాడు. రాసి, "నేనొస్త. నిలబడి చదువుత," అన్నాడు.

"మీరొస్తె వెంకటవ్వ సంగతి పక్కకు పోయి మీ సంగతి మొదలైతది," అంది సుమతి. దొరల ఇంటి మొగవాడు ఆ ఊళ్లో అడుగుపెట్టి రెండేళ్లయింది. ఆడవాళ్లను ఎవరూ ఆపరు.

"కనీసం కాగితం తీస్కపో. అసలు నువ్వు నీ పొయ్యి పూజలు మానితె గిసొంటి బక్కయ్యలు పుట్టరు గద."

కాగితం తీసుకుంది. దానిలో గడ్డ సున్నం పొట్లం కట్టి కొంగున ముడివేసుకుంది. గట్టి కాగితం, బాగా పనికొచ్చింది.

మర్నాడు వేములవాడ బస్సు దిగి ఊళ్లోకి నడుస్తుంటే ప్రతి ఇంటి నుంచీ పేలాల వాసన వచ్చింది. తొలి ఏకాదశికి జొన్న పేలాలు వేయించి, ఇసుర్రాయి మీద విసిరి, బెల్లం కలిపి తింటేనే వానకాలం ఒంటికి పడుతుందని అక్కడి లెక్క. వెంకటవ్వ ఇల్లు ఒక్కటే ఏ వాసనా లేకుండా ఉంది. పొయ్యి ఉండాల్సిన చోట మోకాలి లోతు గుంత. గుంత పక్కన వెంకటవ్వ, గోడకు ఆనకుండా, నిటారుగా కూర్చుని ఉంది. రెండు రోజులుగా ఏమీ తినలేదని ముఖం చూస్తే తెలిసింది.

"మాపటి దాక ఉండకు అవ్వా. నాతోని కోరుట్లకు నడువు," అంది సుమతి.

"నేనెందుకస్త బిడ్డా? తవ్వినోడు పోవాలె గని. ఇరవై ఏండ్ల సంది ఊర్లె ఎవ్వల పొయ్యి పొగ ఎల్లినా గీ చేతులతోని పెట్టిందే. నేను పోతె గా పొయ్యిలన్ని మంత్రాల పొయ్యిలే అంటరు." ఆమె గుంత వైపు గడ్డం చూపింది. "తవ్వినోడే దీన్ని పెట్టాలె. పెట్టుడు గాదు, నా మీద అన్నది తప్పని నోటితోని చెప్పాలె. గందాక అగ్గి ముట్టియ్య."

"పండ్లు ఊడగొడ్తమంటున్నరట."

"ఊడగొట్టినంక సుత గదే అంట. ఇంత తేటగ రాకపోవచ్చు."

మూడు గంటలకల్లా వాకిలి నిండింది. ముందు వరుసలో మొగిలయ్య, కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. పక్కన బక్కయ్య, బూడిద చల్లిన మోదుగాకులో ఆ 'వేలు' పెట్టుకుని. చేతుల్లో కర్రలున్నవాళ్లు వెనక నిలబడ్డారు. సుమతి మామ ఈ మొగిలయ్యను ఒకప్పుడు జీతానికి పెట్టుకుని, పిలిస్తే మొగిలిగా అని పిలిచేవాడు. దొరసాని చెప్పింది కాబట్టి నిజమని ఒప్పుకునే రోజులు పోయాయి. పోవడం మంచిదేనని సుమతికి ఎప్పుడూ అనిపించేది, ఈ ఒక్క పూట తప్ప.

అందుకే ఆమె మొగిలయ్యతో మాట్లాడలేదు. అతని తల్లి లచ్చవ్వ, జ్వరపు పిల్లను భుజాన వేసుకుని నిలబడి ఉంది. సుమతి ఆమె దగ్గరికి పోయింది.

"లచ్చవ్వా, పిల్లకు దిష్టి తీసినవా?"

"దినాం తీస్తనే ఉన్న దొరసాని. తగ్గుతలేదు."

"ఇప్పుడొకసారి తీయి. గీడనే, అందరి ముందట కలుపు. సున్నం నా దగ్గరున్నది."

లచ్చవ్వ తవ్వినప్పుడు దూరంగా నిలబడ్డ ఆడవాళ్లలో ఒకతె. నెత్తురు కారిందనే విన్నది గాని, సున్నపు నీళ్ల మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. సుమతి చేతిలో సున్నం, బక్కయ్య ముందున్న ముంతలో తెల్లటి నీళ్లు, రెండూ చూసింది. తర్వాత పిల్లను సుమతికి ఇచ్చి, "ఎవ్వలన్న పళ్లెం తేండ్రి, పసుపు తేండ్రి," అంది.

పళ్లెంలో పసుపు నీళ్లు కలిపింది. సున్నం చిటికెడు వేసి వేలితో తిప్పింది. పసుపు గోధుమరంగై, ఎర్రబడి, చిక్కటి నెత్తురు రంగుకు తిరిగింది. వెనక ఉన్నవాళ్లు మునివేళ్ల మీద లేచి చూశారు.

"ఏంది గట్ల జూస్తున్నరు?" అంది లచ్చవ్వ. "మీరు పుట్టినకాంచి మీ నెత్తుల సుట్టు తిప్పింది గిదే."

"గది పసుపే అవ్వా," అన్నాడు మొగిలయ్య. "గా ఆకుల ఉన్నది వేలు."

సుమతి పిల్లను తల్లిలా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మోదుగాకులోంచి ఆ వంకర ముక్కను తీసింది. ముందు వరుస మొత్తం ఒక అడుగు వెనక్కు వేసింది, బక్కయ్యతో సహా. ఆమె వాకిట్లో సానరాయి దగ్గర కూర్చుని, నాలుగు చుక్కల మంచినీళ్లు వేసి అరగదీసింది. పైన నల్లటి పొర పోయాక పచ్చటి గంధం దిగింది. పండుగ పూట ప్రతి గడపకూ పూసిన వాసనే వచ్చింది. ఆమె ఆ పసుపు వేలికి తీసుకుని, మెడలోని పుస్తెలు బయటికి తీసి వాటికి పూసుకుంది.

పీనుగు వేలితో పుస్తెలు ముట్టుకునే ఆడది ఏ ఊళ్లోనూ ఉండదు. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ సాన మీది పసుపు వేలికి తీసుకున్నారు. ఆ పూట సుమతికి కలిగిన గర్వం డిగ్రీ పట్టా చేతికి వచ్చినప్పుడు కూడా కలగలేదు.

బక్కయ్య బీడీ తెచ్చుకుంటానని లేచాడు. మళ్లీ కనిపించలేదు.

"పసుపైతె పొయ్యి కింద ఎందుకు పాతిపెట్టిందో చెప్పుమను," అన్నాడు మొగిలయ్య. గొంతులో బలం తగ్గింది గాని మెడ ఇంకా వంగలేదు.

"మన పొయ్యి కింద సుత ఉన్నది," అంది లచ్చవ్వ. "నీ పెండ్లప్పుడు గీ వెంకటవ్వనే పెట్టింది. నమ్మకపోతె పోయి చూసుకో."

అతను నిజంగానే పోయాడు. రెండిళ్ల అవతల గడ్డపార దెబ్బలు వినిపించాయి. లచ్చవ్వ నుదురు కొట్టుకుంది. "చూడుమంటె తవ్వుడే," అంది. తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో గురిగి ఉంది. దానిలో గింజలు, మేకు, ఎండి వంకర పోయిన పసుపు కొమ్ము. కర్రలు పట్టుకున్నవాళ్లు వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియక గోడకు ఆనించారు.

మొగిలయ్య పోయి తట్టెడు పుట్టమన్ను తెచ్చాడు. నీళ్లు పోసి తొక్కాడు. గుంత పూడ్చి, వెంకటవ్వ చూపిన చోట కొత్త గురిగి పెట్టి, రాళ్లు నిలబెట్టడం మొదలుపెట్టాడు. ఆమె కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

"ఎడుమ రాయి వంగింది."

సరిచేశాడు.

"ఇంక వంగింది. కుండ పెడ్తె పక్కింట్ల పడుతది."

మళ్లీ సరిచేశాడు. ఊళ్లో సగం మంది నిలబడి చూస్తున్నారు. ఆడవాళ్లు నవ్వు కొంగు చాటున పెట్టుకున్నారు. అతను అలికాడు, చేతులు కడుక్కున్నాడు, పొరుగింటి నుంచి పిడక మీద నిప్పు తెచ్చి పొయ్యి ముందు పెట్టాడు. వెంకటవ్వ నిప్పు వైపు చూసింది, పుల్ల మాత్రం పట్టలేదు.

"ముట్టియ్యి," అన్నాడు నేల చూస్తూ.

"మట్టి తొక్కితె అయిపోయిందా మొగిలయ్యా?"

అతను నుదుటి చెమట తుడుచుకున్నాడు. పిల్లను కోరుట్ల దవాఖానకు తీసుకుపోతానని సుమతి అంతకు ముందే లచ్చవ్వతో మాట్లాడింది. సాయంత్రం బస్సుకు గుడ్డలు మూట కట్టడానికి ఇంటికి పోయిన లచ్చవ్వ, అంతలోనే తిరిగి వచ్చింది.

"కొడుకా, మనింట్ల పొయ్యి లేదు. నడుమల గుంత తీసినవు. పండుగ పూట పిల్లకు గంజి కాసియ్య అగ్గి లేదు. ఊర్లె పొయ్యి పెట్టే చేతులు ఎవ్వలియి?"

ఎవరివో అందరికీ తెలుసు. అందరూ వెంకటవ్వ చేతుల వైపు చూశారు. ఆమె వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నేనస్త," అంది వెంకటవ్వ. "పెట్టి పిల్లకు గంజి కాసే పోత. రమ్మంటె రాననలె. గని ముందు నాకు రావాల్సింది ఒకటున్నది."

ఎల్లేశం ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆమె అతని వైపు తిరగలేదు. అతని వంతు ఇంటి లోపల ఉంటుందని సుమతికి అర్థమైంది.

మొగిలయ్య మట్టి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. వాకిట్లో ఉన్న మొగవాళ్లను ఒక్కొక్కరినే చూశాడు. ఎవరూ అతనికి సాయం రాలేదు.

"తప్పైంది," అన్నాడు.

"ఎవ్వలిది? గోడ అవుతలోళ్లకు ఇనవడలె," అంది వెంకటవ్వ.

అతను తలెత్తాడు. ఈసారి ఊరంతా వినేట్టు చెప్పాడు. "నాదే తప్పు, వెంకటవ్వా. నీ మీద అన్నదంత అబద్ధం. నేనే తప్పు జేసిన."