పద్యం మధ్య ఖాళీ

రెండువేల మూడులో అనంతపురంలో ఒక కంప్యూటర్ సెంటర్ వెనక గదిలో కూర్చుని స్వరాలు అచ్చువేసే సాఫ్ట్‌వేర్ రాస్తుండేదాన్ని. స్వరాలు ఒక్కసారి టైపు చేస్తే చాలు, ఏ తీరు కావాలంటే ఆ తీరులో అచ్చవుతాయి. సంగీతం టీచర్లకు తాళం గీతలతో, పుట్టపర్తి భజన బృందాలకు దూరం నుంచి కూడా కనిపించే పెద్ద అక్షరాలతో. అవే స్వరాలు, వేషాలు మాత్రం వేరు. ఎవరికి చెప్పినా "దీంతో ఏమొస్తాదమ్మా?" అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

అలా అడగనివాడు బసప్ప తాత ఒక్కడే. కదిరి చుట్టుపక్కల పౌరాణిక నాటకాలకు ఆయనే హార్మోనిస్టు. వేళ్లు వణకడం మొదలయ్యాక తన చోట శిష్యురాలు మౌనికను కూర్చోబెట్టాలనుకున్నాడు. ఆమె ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల. స్వరం రాసిస్తే చాలు, తడుముకోకుండా వాయిస్తుంది. కానీ కృష్ణుడి వేషం కట్టే రాజేంద్రన్నకు ఈ ఏర్పాటు నచ్చలేదు. ఆయన తనకల్లులో శెనక్కాయల రైతు, నాటక సమాజానికి పెద్ద. రిహార్సల్లో ఆ పిల్లతో తన పద్యం కుదరకపోతే బళ్లారి నుంచి కీబోర్డు వాయించేవాణ్ణి పిలిపిస్తానని తేల్చి చెప్పాడు.

అందుకే తాత నాటకం పద్యాల స్వరాలు రాయించుకోవడానికి నా దగ్గరకు వచ్చాడు. ఆయన వాయిస్తే నేను టైపు చేయడం. పద్యానికి తాళం లేదు. నా సాఫ్ట్‌వేరేమో తాళం చెప్పందే ఒక్క వరుస కూడా వేయదు. దానితో చాన్నాళ్లు కుస్తీ పట్టి, తాళం గీతలు లేని కొత్త తీరు ఒకటి తయారుచేశాను. స్వరం ఎంతసేపు నిలవాలో కాగితం మీద దానికి అంత చోటు. చూసుకుని నాకు నేనే మురిసిపోయాను.

పాదం మధ్యలో తాత ఒక చిన్న బిట్టు వాయించి మళ్లీ పద్యంలోకి వచ్చేవాడు.

"ఇది కూడా వేయాల్నా తాతా?"

"వద్దు పాపా. ఉత్త నింపుడు అది. నా చేతికి దురద ఎక్కువ," అని నవ్వాడు.

సరేనని వదిలేశాను.

ఒక ఆదివారం పగటిపూట తనకల్లులో, రాజేంద్రన్న శెనక్కాయల గోడౌన్‌లో రిహార్సల్. మౌనిక నా కాగితం చూసుకుంటూ వాయించింది. ఒక్క స్వరం తప్పలేదు. రాజేంద్రన్న రెండో పాదం ఎత్తుకుని, సగంలో గొంతు పూడుకుపోయి, దగ్గుతూ బస్తా మీద కూలబడ్డాడు.

"ఏమప్పా ఇది? ఈ పాప నన్ను తరుముతాండాది!" అని అరిచాడు. "ఇన్నేండ్లుగా పాడతాండా, ఎప్పుడన్నా ఇట్లయిందా? ఈ కంప్యూటరూ వద్దు, ఈ పాపా వద్దు. బళ్లారికి ఫోన్ చేస్తా."

మౌనిక కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు తిక్క రేగింది. "కాగితంలో ఉండేదే వాయించినాది కదన్నా! నీకు పాడేకి..." అంటుండగానే తాత నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయాడు.

గోడ నీడలో నిలబడి బీడీ ముట్టించాడు. "పాపా, ఆ నింపుడు కూడా వేసేయ్."

"వద్దనింది నువ్వే కదా!"

"అవును, అన్యా. ఆయప్పకు ఊపిరి చాలదు పాపా. ఏండ్లాయె. పాదం మధ్యలో ఆగిపోతే నేను అందుకుంటాండా. జనమేమో హార్మోనీ గొప్ప అనుకుంటారు. ఆయప్పకు కూడా తెలీదు. హార్మోనిస్టనేవాడు ఇట్లాంటియి నోట్లో నుంచి రానీకూడదు. కాగితమ్మీద వేస్తే చెప్పినట్లే కదా, అందుకే వద్దన్యా. ఇప్పుడు చూస్తే మౌనిక చోటే పోయేట్లుండాది."

నా కోపం దిగిపోయింది. ముగ్గురి మీదా జాలేసింది. వారం రోజుల గడువివ్వమని తాతే రాజేంద్రన్నను బతిమాలి ఒప్పించాడు.

అనంతపురం వచ్చి పని మొదలుపెట్టాను. పాడేవాళ్ల ఊపిరిని బట్టి పాదం మధ్య ఖాళీ పెంచుకునే, తగ్గించుకునే వీలు పెట్టాను. పాడే వరుస తెల్లగా ఆగిన చోట, కింద చిన్న అక్షరాల్లో హార్మోనియం బిట్టు. తాతను మళ్లీ కూర్చోబెట్టి ప్రతి ఖాళీనీ ఆయన వాయింపుతో సరిచూసుకున్నాను.

మళ్లీ ఆదివారం మౌనిక ఆ కాగితంతో వాయించింది. రాజేంద్రన్న పద్యం చివరిదాకా దగ్గకుండా పాడాడు. సమాజం వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం నేరుగా హార్మోనియం దగ్గరకొచ్చి కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ ఖాళీలేంది?"

మౌనిక తాత వైపు చూసింది.

"అందరి పద్యాల్లో ఇట్లే ఉండాదా?"

తాత నా వైపు చూశాడు. నాకు అబద్ధం చెప్పడం ఎప్పుడూ చేతకాలేదు. "లేదన్నా," అన్నాను.

రాజేంద్రన్న తెల్లగా ఉన్న చోట్ల మీద ఒక్కొక్కటిగా వేలు పెడుతూ చివరిదాకా పోయాడు. తర్వాత తాత పక్కన కింద కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి బసప్పా?"

"వాయించుకునేవానికి లెక్కలేం తెలుస్తాయప్పా," అన్నాడు తాత నేల చూస్తూ.

రాజేంద్రన్న కాగితం మౌనిక ముందు పెట్టి, చివరి పాదంలో ఖాళీ లేని ఒక చోట వేలు ఆనించాడు.

"మౌనికా, ఈడ కూడా నాకు చాల్తాలేదు. ఈడ నువ్వు అందుకోవల్ల," అన్నాడు.