పంపు మీద ఎర్ర చుక్క

ఏడేళ్లుగా ఆ డీజిల్ పంపు పంపులు బాగుచేసే మా షెడ్డులో పై అరమీద ఉంది. పొద్దున్నే తాళం తీయగానే నేను చేసే మొదటి పని దాన్ని గోడవైపు తిప్పి పెట్టడం. మధ్యాహ్నానికల్లా అది మళ్లీ నావైపు తిరిగి ఉంటుంది. పంపుల్ని తిప్పి చూసే టెస్ట్ బెంచి అదురుకి అర వణుకుతుంది, పంపు కొంచెం కొంచెంగా జరుగుతుంది, అంతే. ఇందులో దయ్యమూ లేదు, భూతమూ లేదు. అయినా దాని మూతమీది ఎర్ర చుక్క నా వీపుకేసి చూస్తున్నట్టనిపించి ఎన్ని మరలు తప్పుగా బిగించానో నాకే తెలుసు.

అది మా బావ పడవలో ఇంజనుకి డీజిల్ అందించిన పంపు. నడి ఏట్లో ఇంజను ఆగిపోయి, పడవ వెళ్లి వంతెన స్తంభానికి కొట్టుకుంది. ముందుభాగం విరిగింది, ఇంజను తడవనైనా లేదు. ఎక్కినవాళ్లందరినీ ఒడ్డుకు చేర్చిన బావ తాను మాత్రం చేరలేదు. చవక డీజిల్ పోసుంటాడని ఊరు తేల్చేసింది. ఊరికేం, నోరుంది. నేను కాదనలేదు.

మొన్న ఒకరోజు మధ్యాహ్నం మా అక్క వచ్చింది. కూర్చోకుండానే, "ఏరా, ఆ పంపు విప్పు" అంది.

"ఇప్పుడెందుకక్కా?"

"ఇంట్లో గంధకం వాసనొస్తోందిరా. తలుపులన్నీ మూసినా వస్తోంది. చవక డీజిల్ కొనమని పోరింది నేనే. ముందురోజు కూడా పోట్లాడాను. అది ఇంజన్ని తినేస్తుందే అన్నాడు. ఇప్పుడు నన్ను తింటోంది. ఆయన్ని నేనే చంపానా, కాదా? ఈ రోజు తేలిపోవాలి."

ఆ పోట్లాట సంగతే నాకు తెలియదు. నా గొడవలో నేను మునిగిపోయి ఏడేళ్లుగా అక్క మొహం సరిగ్గా చూడనేలేదు. సిగ్గేసింది.

చవక డీజిల్లో గంధకం ఎక్కువ. కాలిన పొగ చెమ్మతో కలిసి ఆమ్లమై డీజిల్ చిమ్మే నాజిల్ కొసల్నీ సిలిండర్ లోపలి లైనర్లనీ కొరుక్కుతింటుంది, పంపు లోపలా మరకలు పడతాయి. గంధకం తీసేసిన డీజిల్ వచ్చాక ఆ బెడద పోయి ఇంకోటి పట్టుకుంది. శుద్ధి చేసేటప్పుడు డీజిల్లోని జిడ్డు కూడా పోతుంది. పాత పంపులు తిరిగేది ఆ జిడ్డుతోనే. అందుకని నేనో పద్ధతి పెట్టాను. లోపల తిరిగే రోటరు తీసి, జిడ్డు లేకున్నా తట్టుకునేది వేసి కొత్త డీజిల్‌కి సిద్ధం చేసిన పంపుకి ఎర్ర చుక్క. చుక్క లేకపోతే డబ్బాకి గ్లాసుడు ఇంజనాయిల్ కలుపుకోవాలి. ఏటి పొడుగునా పడవలవాళ్లందరికీ నా చుక్క తెలుసు. దానిమీద నాకు మహా గర్వం.

బావ పంపుకి డీజిల్ కారకుండా ఆపే సీళ్లు మాత్రమే మార్చాను. రోటరు ఇంకా రాలేదు. ఆ రోజు బల్లమీద పదకొండు పంపులున్నాయి. కుంచె పట్టుకుని వరసగా చుక్కలు పెట్టుకుంటూ పోయాను. బావదానికి కూడా పెట్టేశానని పడవని ఒడ్డుకు లాగాకే చూశాను. అప్పట్నుంచీ అది చవక డీజిలే అయ్యుండాలని, తప్పు నా చుక్కది కాకూడదని కోరుకుంటూ, విప్పి చూసే ధైర్యం లేక బతుకుతున్నాను.

మరలు తీశాను. తుప్పు, గోధుమరంగు మరక, ఏదో ఒకటి కనిపించాలని అక్క ఎదురుగా నిలబడి ఉండగానే కోరుకున్నాను. నేనెలాంటివాణ్నో నాకు అప్పుడు తెలిసింది.

లోపల అద్దంలా ఉంది. ఒక్క మచ్చ లేదు. దాంతోపాటు తీసి ఉంచిన నాజిళ్ల కొసలూ చెక్కుచెదరలేదు. రోటరు మాత్రం గీతలుపడి, జిడ్డు లేక కరుచుకుపోయి ఉంది.

"మంచి డీజిలే పోశాడక్కా" అన్నాను. "నీ మాట వినలేదు."

అక్క స్టూలుమీద కూలబడింది. ఏడుస్తూనే నవ్వింది. "మొండిఘటం! నా ముందు సరేనని తలూపి, రేవుకెళ్లి తన ఇష్టమొచ్చిందే కొన్నాడా!"

అక్క బావని తిట్టడం విని ఏడేళ్లయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఊరుకుంటే ఆవిడ ఇంటికెళ్లి హాయిగా నిద్రపోతుంది. మరలు ఏరి డబ్బాలో వేయసాగాను.

ఆవిడ పంపు మూత చేతిలోకి తీసుకుని అరచేత్తో తుడిచింది. చుక్క దగ్గర వేలు ఆగింది.

"రోజూ ఖాళీ డబ్బాలో గ్లాసుడు ఆయిలు నేనే పోసిచ్చేదాన్ని. ఆ రోజు వద్దన్నాడు. 'మీ తమ్ముడు చుక్క పెట్టాడే, ఇంక అక్కర్లేదు' అన్నాడు. ఎంత సంబరపడ్డాడో!"

పక్కన తిరుగుతున్న బెంచి ఆపేశాను.

"అక్కా, అందులో రోటరు మార్చలేదు. చుక్క పొరపాటున పెట్టాను. నువ్వు ఆ గ్లాసుడు ఆయిలు పోసుంటే ఇంజను ఆగేది కాదు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా, కొట్టినా బాగుండేది.

"నేనిన్నేళ్లూ కుమిలిపోతుంటే ఒక్కసారైనా ఏమిటక్కా అని అడిగావా?" అంది.

ఆవిడ లేచి, మూతని పై అరమీద గోడకి ఆనించి పెట్టింది. చుక్క సరిగ్గా నావైపు ఉండేలా సర్ది వెళ్లిపోయింది.

బెంచి ఎంత అదిరినా అది మళ్లీ పక్కకి తిరగలేదు. మూత చదునుగా గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి జరగదు, అంతే. గోడవైపు తిప్పి పెట్టడానికి నాకూ చెయ్యి రావడం లేదు.