దొరగారి కుర్చీ

సుధాకరరావుకు సింగపూరులో దొరికిన ఒకే ఒక్క స్నేహం ముక్కు తుడుచుకోవడంతో మొదలైంది.

భార్య పోయాక కూతురు ఉదయశ్రీ దగ్గరకు, హౌగాంగ్ పేటకు వచ్చిన కొత్తలో ఓ పొద్దున ఆయన బ్లాకు పక్కనున్న తిండికొట్ల హాకర్ సెంటర్‌కి కాఫీకి వెళ్లాడు. ఖాళీ బల్ల మీద విప్పని టిష్యూ పొట్లం కనబడింది. ఎవరో మరిచిపోయారనుకుని అక్కడే చతికిలబడి, పొట్లం చింపి, తీరిగ్గా ముక్కు తుడుచుకున్నాడు. తలెత్తితే ఎదురుగా ట్రే పట్టుకుని బక్కపలచటి జపాను ముసలాయన. పల్లెత్తు మాట అనకుండా నడుము వంచి దణ్ణం పెట్టి నిలబడ్డాడు.

ఇక్కడ బల్ల మీద పొట్లం పెడితే ఆ చోటు ‘చోప్’ చేసినట్టేనని సాయంత్రం మనవరాలు అక్షర చెప్పింది. “రిజర్వ్ చేసినట్టు లా, తాతా!” అంది ఈ ఊరి యాసలో. మా రాజోలు బస్సులో కిటికీలోంచి తువ్వాలు విసరడమేగా అనుకున్నాడాయన. మర్నాడు కొత్త పొట్లం కొని అదే బల్ల మీద పెట్టి, ముసలాయన కోసం కాచుక్కూచున్నాడు.

ఆయన పేరు కిరిహర. ఓడల కంపెనీలో పనిచేసి, భార్య పోయినా ఈ ఊళ్లోనే ఉండిపోయాడు. పక్క బ్లాకులో ఒంటరిగా అద్దెకుంటున్నాడు. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే, సగం మాటలు చేతులే ఆడేవి. అలాగే తెలిసింది, కిరిహర వంశం కత్తులు కట్టిన సామురాయి దొరలదని. కొండ మీద కోట, కింద ఊరు, కోట వెనక దొరల సమాధులు. అక్కడ దొరతనాన్ని బియ్యంతో కొలిచేవారట. పదివేల మంది ఏడాది పొడుగునా తినే బియ్యం పండితేనే దొర. కిరిహర వారి సీమలో సరిగ్గా అంతే పండేది.

“అయితే బొటాబొటీ దొరలన్నమాట. ఓ ఏడు వాన తప్పితే మామూలు రైతులే,” అన్నాడు సుధాకరరావు.

కిరిహర బాగా ఆలోచించి, నిజమేనని తలూపాడు. ఆ రోజు నుంచి ఆయన ‘దొరగారు’, ఈయన ‘రావ్‌సాన్’.

దొర కథకు దీటుగా సుధాకరరావు గోదావరి వరద తీశాడు. మామగారి గేదె కొట్టుకుపోతున్న పూరింటిని కొమ్ములకు తగిలించుకుని ఈదుకొచ్చిందనీ, ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగకుండా తెచ్చిందనీ చెప్పాడు. కూతురింట్లో అయితే అల్లుడు ఫోను చూసుకుంటూ నవ్వేవాడు, అక్షర చెవుల్లో ఏవో పెట్టుకునేది. కిరిహర మాత్రం కాఫీ కప్పు కింద పెట్టి అడిగాడు. “గేదె పేరేమిటి?”

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాడు లేడు. “రేపు చెబుతా,” అన్నాడు సుధాకరరావు, గొంతు సవరించుకుని.

రేపు అనేది నెలల తరబడి సాగింది. పేరు చెప్పేస్తే కథ అయిపోతుంది, కథ అయిపోతే దొరగారు ఎందుకొస్తాడని ఆయన లెక్క.

ఓ పొద్దున కిరిహర కాఫీ ముట్టలేదు. జపానులో కోట కింద గుడివాళ్లు కబురు చేశారట. సమాధులు చూసే దిక్కు లేదు, ఎవరో ఒకరు వచ్చి పూజలు చేయించి, రాళ్లు తీయించి, అస్థికలన్నీ ఒక్కచోట చేర్చాలి. వంశంలో మిగిలింది తనొక్కడే.

“అంతమంది దొరల రక్తం. నువ్వెళ్లక తప్పదులే,” అన్నాడు సుధాకరరావు.

“రక్తం కాదు,” అన్నాడు కిరిహర. “మా నాన్న చేపలమ్మేవాడు. దొర ఇంట్లో మిగిలింది ఒక్క కూతురే. పెళ్లాడి, వాళ్ల ఇంటిపేరు పెట్టుకుని, వాళ్లింటికి వెళ్లాను.”

సుధాకరరావు నోట్లో సిద్ధంగా ఉన్న ఎగతాళి అక్కడే ఆగింది. “దాన్ని మా దగ్గర ఇల్లరికం అంటారు, దొరగారూ. నేనూ అదే.”

“మీరూ మీ ఆవిడ ఇంటిపేరు పెట్టుకున్నారా?”

“లేదు. పేరు నాది, ఇల్లు వాళ్లది. నలభై ఏళ్లున్నా ఆ ఊళ్లో నేను ఫలానావారి అల్లుణ్ణే.”

కిరిహర ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నాడు, ఇల్లరికం అని. వెళ్లొద్దని సుధాకరరావు నోటిదాకా వచ్చింది. బయటికొచ్చింది మాత్రం వేరే. “తిరిగొస్తే గేదె పేరు చెబుతా.”

“అయితే తప్పకుండా వస్తాను,” అన్నాడు కిరిహర. జేబులోంచి టిష్యూ పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టాడు. “నా కుర్చీ.”

కిరిహర వెళ్లిన మర్నాటి నుంచి సుధాకరరావు రోజూ పొద్దున్నే ఎదుటి కుర్చీ ముందు పొట్లం పెట్టి కూర్చునేవాడు. వానలొచ్చి వెళ్లాయి. పొట్లం అంచులు నలిగాయి. అక్షర ఒకసారి చూసి, ఎల్లకాలం చోప్ చెయ్యకూడదు తాతా అని నవ్వింది. ఓ సాయంత్రం పక్క బ్లాకులో కిరిహర ఉండే వాటాకు పనివాళ్లు సున్నాలు వేస్తూ కనబడ్డారు. ఎవరు వస్తున్నారని అడిగితే, కొత్తగా పెళ్లయిన జంట అన్నారు.

మర్నాడూ పొట్లం పెట్టాడు. జనం కిటకిటలాడుతున్నారు. ట్రేతో వచ్చిన కుర్రవాడొకడు కుర్చీ మీద చెయ్యేసి, ఎవరైనా ఉన్నారా అంకుల్ అని అడిగాడు.

“ఉన్నారు బాబూ. దొరగారు వస్తున్నారు.”

కుర్రవాడు పొట్లం చూసి, తలూపి వెళ్లిపోయాడు.

నిజానికి ఆ గేదెకు పేరేమిటో సుధాకరరావుకే ఇన్నాళ్లూ తోచలేదు. కాఫీ తాగుతూ ఉండగా ఆ పొద్దున హఠాత్తుగా తోచింది. భలే పేరు. ఎదుటి కుర్చీ వైపు ముందుకు వంగి, నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. పొట్లాన్ని వేలితో కాస్త జరిపి, కుర్చీకి సరిగ్గా ఎదురుగా పెట్టాడు.